ముక్కు రింగు చూశాం... ఆట చూడలేదు!

'ఉప్పల్' అనగానే మీకేం గుర్తొస్తుంది? క్రికెట్ స్టేడియమే కదూ! మాకూ అంతే. మేముండేది నాచారంలో. మ్యాచ్ ఉన్న రోజున హబ్సిగూడ నుంచి ఉప్పల్ రింగు రోడ్డు దాకా బండి కదలదు. కూరల బండివాడు రాడు, మావారు ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. గాలి ఇటు వీస్తే మేడమీద ఆరేసిన బట్టలు తీస్తుంటే జనం కేకలు కూడా వినిపిస్తాయి. 2017లో మెట్రో వచ్చాక ఏకంగా ఓ స్టేషన్‌కి 'స్టేడియం' అనే పేరు పెట్టేశారు. అంటే ఇటువైపు ఆట అంటే క్రికెట్, ఆటగాడంటే మగాడు. అంతే!

అలాంటి మా ఇంట్లోకి టెన్నిస్ వచ్చిందంటే అది ఒకే ఒక్క అమ్మాయి వల్ల. పేరు చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య ఆమె పేరు వింటే జనానికి పెళ్లి, విడాకులే గుర్తొస్తున్నాయి తప్ప ఆమె చేతిలోని రాకెట్ గుర్తు రావడం లేదు. సానియా మీర్జా! 2023లో ఆట మానేసింది. ఆమె గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. రాయలేకపోయాను. కారణం మీకే తెలుస్తుంది.

2005 ఫిబ్రవరి నాటి మాట. లాల్ బహదూర్ స్టేడియం పక్కన ఫతేమైదాన్ టెన్నిస్ కోర్టుల్లో హైదరాబాద్ ఓపెన్ జరిగింది. ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకోని మూడు సెట్లలో ఓడించి సానియా కప్పు గెలిచింది. డబ్ల్యూటీఏ టోర్నీలో సింగిల్స్ గెలిచిన మొట్టమొదటి భారతీయురాలు. అప్పటికామెకి పద్దెనిమిదేళ్లు. దానికి నెల ముందే ఆస్ట్రేలియాలో సెరెనా విలియమ్స్‌తో మూడో రౌండు ఆడి ఓడిపోయి వచ్చింది. అదే ఏడు అమెరికా ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది.

ఇక చూడాలి మా వీధి సంబరం! పేపర్లో ఆమె బొమ్మ, టీవీలో ఆమె ప్రకటనలు, బ్యూటీ పార్లర్ గోడమీద ఆమె పోస్టరు. మా సందులోనే ఆ ఏడు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకి సానియా అని పేరు పెట్టుకున్నారు. అందులో ఒకరు హిందువులు, ఒకరు ముస్లింలు. ఉప్పల్ బజార్లో మేం ఎప్పుడూ వెళ్లే కంసాలి దగ్గర ఓ గమ్మత్తు చూశాను. పుడక కాదట, 'సానియా రింగు' కావాలట! కాలేజీ పిల్లలు వరసగా వచ్చి అదే అడుగుతున్నారు. అంతకు ముందు ముక్కు కుట్టించుకోమంటే నామోషీ అన్న పిల్లలే. పాపం ఆయన పేపరు కత్తిరించిన బొమ్మ ఒకటి అద్దం కింద పెట్టుకుని, దాన్ని చూసి తీగ వంచి ఇచ్చేవాడు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే... మేమంతా ఆమె ముక్కు రింగు చూశాం, కళ్లజోడు చూశాం, స్కర్టు చూశాం. ఆట మాత్రం చూడలేదు. నేనైతే అస్సలు చూడలేదు.

చూసింది మా పెద్దమ్మాయి. అప్పుడు దానికి పదకొండేళ్లు.

రెండంగుళాల అంచు

"నాన్నా, నాకు రాకెట్ కావాలి" అంది. మావారు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రాకెట్ ధర విని ఆయన కాసేపు మాట్లాడలేదు. మర్నాడు స్నేహితుడి కొడుకు వాడి పడేసిన పాతది పట్టుకొచ్చారు. ఆ స్నేహితుడు ఉండే ఆఫీసు క్వార్టర్స్‌లో ఓ మట్టి కోర్టు ఉండేది. పొద్దున్నే ఆరింటికి స్కూటర్ మీద దింపి, ఏడున్నరకి తీసుకొచ్చేవారు. నేర్పే పెద్దమనిషి డబ్బు తీసుకునేవాడు కాదు. "మీ అమ్మాయి బంతిని చూస్తుందమ్మా, మిగతా పిల్లలు రాకెట్‌ని చూస్తారు" అన్నాడొకసారి నాతో. అదేమి మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు.

నాకు కుట్టుపని వచ్చు. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. ఆ వేసవిలో దానికి తెల్ల పాప్లిన్‌తో టెన్నిస్ స్కర్టు కుట్టాను. టీవీలో చూసి, కుచ్చులు పెట్టి, లోపల నిక్కరు అతికి. వేసుకుని అద్దం ముందు ఎన్నిసార్లు తిరిగిందో!

అప్పుడొచ్చింది మా ఆడపడుచు. వదిన మంచిదే, మా మేలు కోరేదే. "ఏమమ్మాయ్, పిల్లని ఎండలో తిప్పుతున్నావు, నల్లబడితే రేపు పెళ్లెలా చేస్తారు? పైగా ఆ మోకాళ్లేమిటి?" అంది. ఎదురింటి అక్క కూడా అందుకుంది, "నిజమే వదినె, గిప్పుడు చిన్నదే గానీ రేపు పెద్దగైతది గదా! మంది ఏమనుకుంటరు?" అని. అప్పటికి పేపర్లలో సానియా స్కర్టు మీద పెద్ద గొడవే నడుస్తోంది. కొందరు మతపెద్దలు ఆమె దుస్తుల్ని తప్పుపట్టారు, టీవీల్లో చర్చలు పెట్టారు. అంత గొప్ప పిల్లకే తప్పనిది మన పిల్లకెందుకు అనుకున్నాను.

ఆ రాత్రి స్కర్టు విప్పి అడుగున రెండంగుళాల అంచు కలిపాను. మోకాలు కప్పింది. దాన్ని చూసి అమ్మాయి ఏమీ అనలేదు. నాలుగు రోజులు వేసుకుని వెళ్లింది. ఐదో రోజు కాలినొప్పి అంది. ఆ తర్వాత స్కూల్లో పరీక్షలు అంది. ఎండాకాలం వెళ్లిపోయింది, రాకెట్ అటకెక్కింది. నేను బలవంతంగా మాన్పించలేదు. అదే నాకు ఇన్నాళ్లూ సమాధానం. అవును, మాన్పించలేదు. అంచు కలిపానంతే.

పేడతో అలికిన కోర్టు

తర్వాతెప్పుడో సానియా ఇంటర్వ్యూలు చదివితే నాకు గుండె కలుక్కుమంది. ఆమెకీ చిన్నప్పుడు ఇవే మాటలు చెప్పారట! ఎండలో ఆడితే నల్లబడతావు, నిన్నెవరు చేసుకుంటారు అని. ఆమె అమ్మానాన్నలు విన్నారు, ఊరుకున్నారు. అదొక్కటే తేడా.

సానియా పుట్టింది ముంబయిలో, 1986 నవంబరు 15న. పెరిగింది మన హైదరాబాద్‌లో. ఆరేళ్లకి తల్లి నసీమా ఆమెని టెన్నిస్ నేర్పించడానికి తీసుకెళితే, మరీ చిన్నపిల్ల అని నేర్పే ఆయన మొదట ఒప్పుకోలేదట. నెల తిరక్కుండా ఆయనే తల్లిదండ్రుల్ని పిలిచి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లని చూడలేదన్నాడట. తండ్రి ఇమ్రాన్ మీర్జా తర్వాత తానే కోచ్ అయ్యాడు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో గట్టి కోర్టులు ఎన్నని? పేడతో అలికిన కోర్టుల మీద ఆడి పెద్దయ్యానని ఆమే చెబుతుంటుంది. ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన అమ్మలూ అమ్మమ్మలూ రోజూ చేసిన పనే కదా! పేడనీళ్లు చల్లి అలికిన వాకిట్లో ముగ్గేసేవాళ్లు మనవాళ్లు, ఆ పిల్ల అదే నేలమీద సర్వీసు వేసింది.

2003లో వింబుల్డన్ జూనియర్ బాలికల డబుల్స్ గెలిచింది, రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు. మీరు గమనించారో లేదో, ఆమె మొదటి పెద్ద గెలుపే డబుల్స్‌లో! పెద్దవాళ్ల డబ్ల్యూటీఏ టోర్నీల్లో మొదటి కప్పు కూడా 2004లో మన హైదరాబాద్‌లోనే, లీజెల్ హ్యూబర్‌తో జతకట్టి. సింగిల్స్ కప్పు ఆ మరుసటి ఏడు వచ్చింది. కానీ మనకి గుర్తున్నది సింగిల్సే. డబుల్స్ అంటే ఏదో తోడుపెళ్లికూతురు లాంటిదనుకుంటాం.

దువ్వెన పట్టుకోలేని చేయి

2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకుకి చేరింది. మన దేశపు అమ్మాయి ఎవరూ అంతకుముందు అంత దూరం పోలేదు. ఆ వెంటే కుడి మణికట్టు దెబ్బతింది. 2008లో ఆపరేషన్. ఆ రోజుల్లో తల దువ్వుకోవడానికి కూడా చేయి సహకరించలేదని ఆమె తర్వాత చెప్పుకుంది. ప్రపంచంలోనే గట్టి ఫోర్‌హ్యాండ్‌లలో ఒకటి అని పేరు తెచ్చిన చేయి అది! మోకాళ్లకీ ఆపరేషన్లు జరిగాయి. మరోపక్క కేసులు, వివాదాలు. విసిగిపోయి 2008లో బెంగళూరు టోర్నీ ఆడనని, సొంత దేశంలో ఆడకపోవడమే మేలని చెప్పేసింది.

2013లో సింగిల్స్ పూర్తిగా వదిలేసి, ఇకమీదట డబుల్సే ఆడతానంది. మా వీధిలో ఏమన్నారో తెలుసా? "అయిపోయిందిలే." నేనూ అన్నాను.

అయిపోలేదు. అసలు కథ అప్పుడే మొదలైంది.

రోకలి పోటు

ఈ డబుల్స్ సంగతి నాకు చెప్పింది మా అమ్మాయే, అదీ పెళ్లై వెళ్లాక, 2015లో, ఫోన్లో. "అమ్మా, రాత్రి మ్యాచ్ చూడు, ఒక్కసారి చూడు" అని బతిమాలింది. వింబుల్డన్ ఫైనల్. సానియా, స్విట్జర్లాండ్ ఆవిడ మార్టినా హింగిస్ ఒకపక్క. రష్యా జంట మకరోవా, వెస్నినా అటుపక్క.

సింగిల్స్‌లో కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌లో అటూ ఇటూ నాలుగున్నర అడుగుల చొప్పున కలిపి 36 అడుగులు. మనుషులు రెట్టింపయ్యారు గానీ చోటు రెట్టింపు కాలేదు. అంచేత బంతి ఖాళీ చోట పడాలంటే సందు చూసి కొట్టాలి. ఒకరు వెనక గీత దగ్గర, ఒకరు వల దగ్గర. ముందున్న మనిషి చేయి వీపు వెనక పెట్టి వేళ్లతో సైగ చేస్తుంది, నేను అటు దూకుతాను, నువ్వు ఇటు కాచుకో అని. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఇద్దరూ ఒకే బంతికి పరుగెడతారు, లేదా ఇద్దరూ వదిలేస్తారు.

చూస్తుంటే నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. సంక్రాంతికి పిండి కొట్టేటప్పుడు ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి పోటు వేసేవాళ్లు చూశారూ, అచ్చం అలాగే! ఒక రోకలి లేస్తుంటే ఇంకోటి దిగుతుంది. ఒకదానికొకటి తగలదు. మాటల్లేవు, 'హుఁ' అనే ఊపిరే. ఎంత మంచి చేయైనా, జత కుదరకపోతే వేళ్లు నలుగుతాయి. సానియా వెనకనుంచి ఫోర్‌హ్యాండ్‌తో బాదుతుంటే, ఎదుటివాళ్లు ఎలాగోలా తిప్పికొట్టిన ఆ బంతిని హింగిస్ వల దగ్గర కాచుకుని సుతారంగా తోసేసేది. హింగిస్ కూడా తక్కువ మనిషా! 1997లో పదహారేళ్లకే సింగిల్స్‌లో నంబర్ వన్. గాయాలతో ఆట వదిలి, మళ్లీ డబుల్స్‌తో తిరిగొచ్చింది. ఇద్దరూ దారి మళ్లినవాళ్లే.

మొదటి సెట్ పోయింది. రెండోది టైబ్రేక్‌లో గెలిచారు. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇక నిద్రపోదామని లేచాను. మావారు "కూర్చో" అన్నారు. ఒక్కో గేమూ లాగారు. 5-5 అయ్యింది. ఇంతలో అక్కడ వెలుతురు తగ్గింది, మ్యాచ్ ఆపి కోర్టు పైకప్పు మూశారు. మళ్లీ మొదలెట్టి 7-5తో గెలిచేశారు. వింబుల్డన్‌లో మహిళల డబుల్స్ గెలిచిన మొదటి భారతీయురాలు మన హైదరాబాదీ పిల్ల! ఆ అర్ధరాత్రి నేను ఫోన్ చేస్తే మా అమ్మాయి ఏడుస్తోంది. "ఇన్నాళ్లకి చూశావు కదమ్మా" అంది. ఆ మాట ఎలా అందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ ఏడాది లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. మార్చిలో జతకట్టిన ఇద్దరూ వరసగా ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ గెలిచారు. దాంతో ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మన దేశంలో ఏ అమ్మాయికీ అంతకుముందు దక్కని చోటు. ఆ వారంలోనే హైదరాబాద్ వచ్చి ఫెడ్ కప్‌లో దేశం తరఫున ఆడింది. ఇక్కణ్నుంచి మెట్టుగూడ దాటి వెళితే గంట ప్రయాణం. నంబర్ వన్ ఆట మన ఊళ్లో జరుగుతుంటే, నేను ఇంట్లో ఆవకాయకి కాయలు తుడుచుకుంటున్నాను. వింబుల్డన్ తర్వాత అమెరికా ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచులు ఓటమి లేదు. పేపర్లవాళ్లు ఇద్దరి పేర్లూ కలిపి 'శాంటీనా' అన్నారు. మొత్తం 91 వారాలు ఆమె నంబర్ వన్‌గా ఉంది.

అంతకుముందే మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు వచ్చాయి. 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్‌లు మహేశ్ భూపతితో, 2014 అమెరికా ఓపెన్ బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది మన వైజాగ్ అబ్బాయి సాకేత్ మైనేనితో జతకట్టి. ఇది మనలో ఎంతమందికి తెలుసు?

డబ్బు సంగతి కూడా చెబితేనే డబుల్స్ విలువేమిటో తెలుస్తుంది. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ గెలిచిన సెరెనాకి 18 లక్షల 80 వేల పౌండ్లు. డబుల్స్ గెలిచిన జంటకి ఇద్దరికీ కలిపి 3 లక్షల 40 వేలు! అదే కోర్టు, అదే ఎండ, అదే చెమట. ఇంటిపనికీ ఆఫీసుపనికీ ఉన్న తేడాలాగే ఉందనిపించింది నాకు. మావారితో అంటే నవ్వేసి ఊరుకున్నారు.

"ఎప్పుడు స్థిరపడతారు?"

2010లో ఆమె పెళ్లి పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌తో జరిగింది. ఆ సమయంలో జరిగిన రభస అందరికీ తెలిసిందే. 2014లో తెలంగాణ ప్రభుత్వం బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టుకుంటే, ఆమె పాకిస్తాన్ కోడలు కదా అని ఓ నాయకుడు అన్నాడు. పెళ్లైతే ఆడపిల్ల ఊరు మారుతుందంటారు, దేశం కూడా మారిపోతుందని మాత్రం నాకప్పుడే తెలిసింది! తాను చివరి శ్వాస దాకా భారతీయురాలినేనని సానియా గట్టిగానే జవాబిచ్చింది. ఆ పెళ్లి తర్వాత విడాకులదాకా వెళ్లిందని 2024లో ఆమె కుటుంబం ప్రకటించింది. అంతకు మించి మనకెందుకు?

2016లో ఆమె ఆత్మకథ వచ్చినప్పుడు ఓ పేరున్న టీవీ జర్నలిస్టు ఇంటర్వ్యూలో అడిగాడు, ఎప్పుడు స్థిరపడతారు, పిల్లలూ అవీ అని. అప్పటికామె ప్రపంచ నంబర్ వన్. ఆమె నవ్వుతూనే తిరిగి అడిగింది, నేను స్థిరపడలేదని మీకెందుకనిపిస్తోంది, నంబర్ వన్‌గా ఉండటం కంటే అమ్మతనం ఎంచుకోలేదని నిరాశపడుతున్నట్టున్నారే అని. మగవాళ్లనైతే ఈ ప్రశ్న అడగరు కదా అంది. ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. ఆ వీడియో నేను నాలుగుసార్లు చూశాను. మా ఆడపడుచుకీ చూపించాను. ఆవిడ "బాగానే అడిగింది" అని లేచి కాఫీ పెట్టడానికి వెళ్లింది.

ఆ తర్వాత అమ్మ అయింది కూడా, తనకి కావాలనుకున్నప్పుడు. 2018 అక్టోబరులో కొడుకు ఇజాన్ పుట్టాడు. దాదాపు 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్‌లో కోర్టులోకి దిగింది. నదియా కిచెనోక్‌తో కలిసి, తిరిగొచ్చిన మొదటి టోర్నీలోనే కప్పు కొట్టింది. అప్పటికి ముప్పై మూడేళ్లు. మనమైతే ఆ వయసుకి 'ఇంకేముందిలే' అంటాం. మొత్తం 43 డబ్ల్యూటీఏ డబుల్స్ కప్పులు ఆమెవి. గెలవనివీ ఉన్నాయండోయ్! రియో ఒలింపిక్స్‌లో బోపన్నతో కలిసి కాంస్యం దగ్గరికొచ్చి నాలుగో స్థానంతో ఆగిపోయింది. ఒలింపిక్ పతకం దక్కకుండానే ఆట ముగిసింది.

స్టేడియం స్టేషన్ నుంచి

2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో బోపన్నతో ఆడి ఓడింది. మైకు ముందు మాట్లాడుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాలుగేళ్ల కొడుకు చూస్తున్నాడు. ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ. మార్చి 5, ఆదివారం నాడు హైదరాబాద్‌లో వీడ్కోలు ఆట.

మా అమ్మాయి ఎక్కడో పాసులు సంపాదించింది. అప్పటికి దానికి ఏడు నెలల పాప. కాన్పు తర్వాత పుట్టింటికొచ్చి నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది. ఒళ్లు వచ్చింది, మాట తగ్గింది, అద్దం చూడటం మానేసింది. "బయటికి వెళదాం పదవే" అంటే కదిలేది కాదు. ఆ రోజు మాత్రం తనే లేచి తల దువ్వుకుంది. పాపని మావారికి అప్పగించి మేమిద్దరం బయల్దేరాం. ఎక్కింది స్టేడియం స్టేషన్‌లో. క్రికెట్ మైదానం పేరు పెట్టుకున్న స్టేషన్‌లో రైలెక్కి టెన్నిస్ అమ్మాయికి వీడ్కోలు చెప్పడానికి! అమీర్‌పేటలో మారి అసెంబ్లీ దగ్గర దిగి నడిచాం.

పద్దెనిమిదేళ్ల క్రితం సింగిల్స్ కప్పు గెలిచింది ఆ ఆవరణలోనే. బోపన్న ఆమె పక్కన. అటువైపు ఇవాన్ డోడిగ్, బెథనీ మాటెక్ శాండ్స్. సరదా ఆటే. అయినా ఆమె ఫోర్‌హ్యాండ్ కొట్టినప్పుడు వచ్చిన చప్పుడు టీవీలో వినే చప్పుడు కాదు. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగిలినట్టుంది. మా అమ్మాయి ముందుకు వంగి కూర్చుంది. దాని కళ్లు బంతి వెంటే ఉన్నాయి. ఆ పాత పెద్దమనిషి మాట అప్పుడర్థమైంది నాకు. చివర్లో సానియా మాట్లాడుతూ ఏడ్చింది, ఇవి సంతోషంతో వస్తున్నవే అంది. నా పక్కన స్కూలు పిల్లలు కేకలేస్తున్నారు. వాళ్లలో ఎవరూ 2005కి పుట్టి కూడా ఉండరు.

తిరిగొస్తూ రైల్లో ధైర్యం చేసి అడిగాను, "ఆ స్కర్టు సంగతి గుర్తుందా?" అని.

"ఏ స్కర్టు?" అంది. ఓ స్టేషన్ దాటాక మళ్లీ తనే, "పరుగెత్తుతుంటే మోకాళ్లకి అడ్డం పడేదమ్మా. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు" అంది.

పద్దెనిమిదేళ్లు నేనేవేవో ఊహించుకున్నాను. సిగ్గుపడిందేమో, అవమానం అనుకుందేమో, నన్ను తిట్టుకుందేమో అని. అది మాత్రం పరుగుకి అడ్డమొచ్చిందని మానేసింది.

ఇప్పుడు ఉప్పల్ అవతల గంట లెక్కన అద్దెకిచ్చే కోర్టు ఒకటి వెతుక్కుంది. సానియా అకాడమీ మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో ఉంది, 2013లో పెట్టింది. మాకు ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి, అది కుదిరే పని కాదు. శనాదివారాలు పొద్దున ఆరింటికి వెళుతుంది. డబుల్సే! గంట అద్దె నలుగురు పంచుకుంటే తక్కువ పడుతుందట. జతకి ఓ బ్యాంకు ఉద్యోగిని, నలభై దాటినావిడ. ఎదుటివాళ్లు ఇంజినీరింగ్ పిల్లలు. ఎక్కువసార్లు వీళ్లే ఓడిపోతారు. మనవరాల్ని ఎత్తుకుని నేను బెంచీ మీద కూర్చుంటాను. వీళ్లిద్దరూ అప్పుడప్పుడు ఒకే బంతికి పరుగెత్తి గుద్దుకుంటారు. ఇంకా రోకలి పోటు కుదరలేదు.

మొన్న అడిగాను, "తెల్ల గుడ్డ తెస్తాను, స్కర్టు కుట్టనా? పొట్టిగానే" అని.

"వద్దమ్మా, ఈ ట్రాక్ ప్యాంటే సుఖంగా ఉంది" అంది నీళ్లు తాగుతూ. "కావాలంటే దీనికో జేబు కుట్టిపెట్టు. రెండో బంతి పెట్టుకోవడానికి చోటు లేదు."